పరీక్షకు ముందు స్నానం

ముందుగా తప్పులకు మన్నించాలి. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇంకా తడబడతాను. ఒక పేజీ నిండేసరికి ఒక పూట గడిచిపోతుంది. నా కోడలు ప్రమోద దిద్దిపెడతానంది గాని, ఇది ఆమె సంగతి కూడా కాబట్టి చూపించలేదు.

నేను పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో చేపలు అమ్ముతాను. మా ఆయన గవరయ్య ఉన్నప్పుడు ఆయన డింగీ పడవలో తెచ్చిన చేపలే అమ్మేదాన్ని. ఆయన పోయాక వేలంపాటలో కొని అమ్ముతున్నాను. పొద్దున్న ఐసులో పెట్టిన చేతులు మధ్యాహ్నం దాకా ఆరవు. మోచేతుల వరకు చర్మం పొట్టు లేచి తెల్లగా ఉంటుంది. కాళ్ళు పగుళ్ళు. అదొక బాధని నేనెప్పుడూ అనుకోలేదు. నా బాధంతా వాసనే. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండి, జనం నిలబడి ఉంటే, నేను కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంటాను.

ఆయన పోయాక పసుపూ వాసన సబ్బూ మానేశాను. ఎవరూ మానమనలేదు. మా వీధిలో మొగుడు పోయినవాళ్ళు వాడరు, నేనూ వాడలేదు.

నా కొడుకు శ్రీను ఓడలో పనిచేస్తాడు. ప్రమోద మిడిల్ పాయింట్‌లో బ్యూటీషియన్ కోర్సులో చేరింది. "చేపల పని నీతోనే ఖతమ్ అయిపోవాలి అత్తా" అనేది. సర్టిఫికెట్ వస్తే మా ముందుగదిలో పార్లర్ పెట్టాలని ఆమె ఆశ. ఆఖరి పరీక్షకు ఒక మనిషిని వెంట తీసుకెళ్ళాలి. ఆ మనిషి చర్మం ఎలాంటిదో చూసి, దానికి తగినట్టు ఒళ్ళు శుభ్రం చేసి, రోజూ ఏం చేసుకోవాలో పరీక్ష పెట్టేవాళ్ళకు చెప్పాలి. సుమ అనే అమ్మాయి వస్తానంది. ముందురోజు సాయంత్రం సుమకు జ్వరం వచ్చింది.

"అత్తా, నువ్వు చలో."

"నానా? నన్నేటి సూత్తారే అక్కడ?"

"నీదే అసలైన డ్రై స్కిన్. మా పుస్తకంలో బొమ్మ లాగుంటాది. నువ్వేటీ సెయ్యక్కర్లేదు. రోజూ ఎలాగుంటావో అలాగే రా."

రోజూలాగే రమ్మని చెప్పింది. నేను విన్నాను. కాని పదిమంది ముందు కోడలు నా కాళ్ళు పట్టుకోవాలి, నా చేతులు తన మొహం దగ్గరకు తెచ్చుకోవాలి. పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటే ఆమె పరీక్ష ఏమవుతుంది?

తెల్లారకముందే పెరట్లో తడిక వెనక కూర్చున్నాను. కొబ్బరి పీచు, బట్టల సబ్బు, నిమ్మచెక్కలు, రాళ్ళుప్పు పెట్టుకున్నాను. అడుగంటిన గిన్నె తోమినట్టు చేతులూ కాళ్ళూ తోమాను. మంట పుట్టింది. మంట పుడితే శుభ్రమవుతోందనుకుని ఇంకా తోమాను. మాకు కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. పట్టి ఉంచిన డ్రమ్ము అడుగు కనిపించేదాకా ఆగలేదు.

తడిక అవతల నుంచి పక్కింటి కామమ్మ గొంతు వినిపించింది. "ఏటి వదినా, డ్రమ్ముడు నీళ్ళూ నీ ఒంటిమీదే కుమ్మరించీసినావా? పెళ్ళిసూపులేటి?"

"నోరు ముయ్యే."

"సబ్బు వాసన ఈదంతా కొడతంది. పెళ్ళికొడుకెవులో సెప్పు, మేమూ సూత్తాం."

"వాసన సబ్బు కాదే, బట్టల సబ్బు!" అని అరిచాను. వీధిలో అందరికీ వినిపించి ఉంటుంది. అంత గట్టిగా అరవాల్సిన మాట కాదు.

పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కున్నాను. బస్సులో చెమట పట్టి చేతులు భగభగమన్నాయి. ప్రమోద పాఠాలు గొణుక్కుంటోంది. నేను జాకెట్టు చేతులు మణికట్టు దాకా లాక్కున్నాను.

పరీక్ష గదిలో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళంతా చిన్నపిల్లలు. బొట్టు లేని మొహం నాదొక్కటే. మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన ఒక మేడమ్ పరీక్ష పెడుతోంది. ప్రమోద నా జాకెట్టు చెయ్యి పైకి మడిచి ఆగిపోయింది. చర్మం చెక్కేసినట్టు ఎర్రగా ఉంది. మోచేతి దగ్గర రక్తం చుక్కలు.

"ఏటి సేసీసినావు అత్తా?" అంది పెదాలు కదపకుండా.

మేడమ్ వచ్చి చూసింది. "స్క్రబ్ తుమ్‌నే కియా?" అని ప్రమోదను అడిగింది. ఇలా రుద్దింది నువ్వేనా అని. మనిషి తోలు లేపేసేవాళ్ళను నేను పాస్ చెయ్యను అని హిందీలోనే గట్టిగా అంది. ప్రమోద తల దించుకుంది. మా అత్తే చేసుకుంది అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నా పరువు పోతుందని అనలేదు. అక్కడ నా ప్రాణం చచ్చిపోయింది.

"మేడమ్, మైనే కియా" అన్నాను, నేనే చేసుకున్నానని.

ఎందుకని అడిగింది. గదిలో అందరూ పని ఆపి చూస్తున్నారు.

"మచ్ఛీ బేచ్‌తీ హూఁ. బద్‌బూ ఆతీ హై." చేపలమ్ముతాను, వాసనొస్తుంది, అందుకే పీచూ నిమ్మా ఉప్పూ బట్టల సబ్బూ పెట్టి తోముకున్నానని చెప్పి, చేతులు కొంగు కింద దాచుకున్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

మేడమ్ ప్రమోద వైపు తిరిగి, మరి ఇప్పుడేం చేస్తావంది. బల్ల మీద ప్రమోద తెచ్చుకున్న నలుగుపిండి, నిమ్మతొక్కల పొడి, పన్నీరు వరసగా ఉన్నాయి. అవన్నీ పక్కకు జరిపేసింది. నా చేతులు కొంగు కిందనుంచి తనే తీసింది. గోరువెచ్చని నీళ్ళు పోసి, మెత్తని గుడ్డతో అద్దింది, రుద్దలేదు. తడి ఆరకముందే వాసన లేని క్రీము పట్టించింది. పీచు ముట్టుకోకూడదు, పుండు మానేదాకా నిమ్మా ఉప్పూ వద్దు, ఒంటికి బట్టల సబ్బు ఎప్పుడూ వద్దు, ఐసులో చెయ్యి పెట్టేముందు తొడుగులు, పని అయ్యాక మళ్ళీ క్రీము, రాత్రి మడమలకు కొబ్బరినూనె అని వరసగా చెప్పింది.

"ఔర్ బద్‌బూ?" అంది మేడమ్.

"నాకేం రావడం లేదు మేడమ్" అంది ప్రమోద హిందీలోనే.

అది అబద్ధమని నాకు తెలుసు. జాకెట్టులోంచి నాకే వస్తోంది.

పాస్ చేశారు. నలుగు పెట్టలేదని కొన్ని మార్కులు తగ్గించారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ప్రమోద నా చేతుల వైపే చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

"ఆ పుళ్ళు ఆరేదాకా ఐసు ముట్టుకోకు" అంది చివరికి.

"మరి బేరం ఎవులు సేత్తారే?"

"నాను సేత్తాను."

వద్దని బతిమాలాను. మర్నాడు నా బుట్ట, నా కత్తిపీట పట్టుకుని వెళ్ళిపోయింది. పరీక్ష కోసం వేసుకున్న గోళ్ళరంగు ఇంకా చెదరలేదు.

మధ్యాహ్నం వచ్చింది. నేను చూడటం లేదనుకుని గుమ్మంలోనే వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత పెరట్లోకి వెళ్ళి, గోడ మీద ఎండిపోయి ఉన్న నిమ్మచెక్క అందుకుంది.

"అది ముట్టుకోకు" అన్నాను.

నీళ్ళు వెచ్చబెట్టాను. ఆమె చేతులు నా చేతుల్లోకి తీసుకుని, గుడ్డతో అద్దాను.

"రుద్దకూడదంట" అన్నాను.

"ఆ పరీక్ష నాను పాసైపోనాను అత్తా" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. గోళ్ళరంగు అంచున ఒక చేప పొలుసు అంటుకుని ఉంది. దాన్ని తీసి పారేసి, క్రీము మూత తిప్పాను.

సూరాడ కాసులమ్మ, అరవై ఒక్క ఏళ్ళు. పుట్టింది మాయాబందర్‌లో. ఇప్పుడు ఉంటున్నది పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో, కొడుకూ కోడలి దగ్గర.