బంతిలో చివరివాడు

మోషే విగ్రహం గడ్డాన్ని కొబ్బరిపీచుతో తోమి, బర్నబాస్ మళ్ళీ కావిడి భుజానికెత్తుకున్నాడు. సముద్రం పాటువేళ కావడంతో కృష్ణానది వెనక్కి తగ్గి ఉంది. మోకాలి లోతు బురద దాటితేగాని బిందె మునగదు. కుడిభుజం మీద కావిడిబద్ద ఒరిసిన చోట కాయ కాసి, నేరేడుపండులా నల్లగా మెరుస్తోంది. సన్నటి కాళ్ళు, ఒంటికి అతుక్కున్న బనీను, కళ్ళ కింద ఉబ్బిన సంచులు. అరవై దాటినా నడకలో తొట్రుపాటు లేదు.

రేపల్లె దాటాక కరకట్ట పక్కన జ్ఞానానందం మాస్టారు కట్టుకున్న విగ్రహాల తోట అది. తెనాలి బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి, ఉన్నదంతా సిమెంటులో పోశాడు. నోవహు ఓడలోకి అన్నిటికంటే ముందు ఎక్కుతున్న జత గేదెలు. యోనాను మింగిన చేప నోట్లోకి వంగి వెళ్ళి తోక దగ్గర బయటికి రావచ్చు. ఇసుక తేవడానికి పడవలిచ్చిన చేపలపల్లెవాళ్ళు అడిగారని మోషే పక్కనే మొసలి మీద గంగమ్మను కూర్చోబెట్టాడు. జనం ఎక్కువసేపు ఆగేది మాత్రం ప్రభువు రాత్రి భోజనం దగ్గర. అక్కడ బల్లా కుర్చీలూ లేవు. పదమూడుమందీ నేల మీద బాసింపట్టు వేసుకుని, సిమెంటు విస్తళ్ళ ముందు బంతిగా కూర్చుని ఉంటారు. చివరివాడు యూదా.

బర్నబాస్ కూడా అతని దగ్గరికి చివరికే వెళ్తాడు. నిన్న ఆదివారం కావడంతో ముఖం నిండా బురద, చెంప మీద తాంబూలపు ఉమ్ము, విస్తట్లో చెరుకుపిప్పి. వచ్చినవాళ్ళు పేతురును చూసినా చూడకపోయినా ఇతన్ని కొట్టకుండా పోరు. ఈ ముఖాన్ని బర్నబాస్ పీచుతో తోమడు. జ్వరపడ్డ మనిషికి తుడిచినట్టు తడిగుడ్డతో తుడుస్తాడు. ముక్కు కొంచెం ఎడమకు ఒంగి ఉంటుంది. కింది పెదవి మీద చిన్న గాటు. ఆ రెండూ బర్నబాస్ ముఖంలోనూ ఉన్నాయి.

ఈ విగ్రహాలు చేస్తున్నప్పుడు, పేతురుకు తన ముఖమివ్వడానికి సంఘపెద్దలిద్దరు పోట్లాడుకున్నారు. యూదాకు ఇస్తానన్నవాడు ఒక్కడూ లేడు. మాస్టారు దిగులుగా కూర్చుంటే, సిమెంటు కలుపుతున్న బర్నబాస్ తలెత్తి, "నాది పెట్టుకోండి మాస్టారూ. నా మొహం ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు పారా పక్కన పెట్టి పీట మీద కూర్చున్నాడు. ఒక మనిషి తన ముఖంలోకి అంత శ్రద్ధగా, అంతసేపు చూడటం బుద్ధెరిగాక అదే మొదలు. భార్య పోయాక అతని ఇంట్లో అద్దం కూడా లేదు. పని ఎక్కడ అయిపోతుందోనని లోలోపల భయపడ్డాడు కూడా.

సంగతి బాపట్లలో కూతురి అత్తవారికి తెలిసింది. పరువుగా బతుకుతున్న లూథరన్ కుటుంబం. వీధిలో ఎవరో ప్రేమకుమారిని "యూదా కూతురు" అన్నారు. "కొన్నాళ్ళు ఇటు రావద్దు నాన్నా" అని ఆమె తెలిసినవాళ్ళతో కబురంపింది. ఆ కొన్నాళ్ళలో ఆమెకు పిల్ల పుట్టింది. తొంభైలో వచ్చిన తుఫానుకు ఓడ కప్పు ఎగిరిపోతే మాస్టారు మళ్ళీ వేయించాడు. రమ్మన్న కబురు మాత్రం రాలేదు.

ఇవాళ బాపట్ల నుంచి స్త్రీల సమాజం బస్సు వస్తోంది. ఆ సమాజానికి పెద్ద, ప్రేమకుమారి అత్తగారు సరోజమ్మే.

"ఒక్క ముక్కు మార్చండి మాస్టారూ" అని పొద్దున్నే బతిమాలాడు.

"చెయ్యి వణుకుతోందిరా. ముక్కు మీద ఉలి పెడితే తల ఊడుద్ది. ఊడేది నీ తలే!" మాస్టారు నవ్వబోయి, అతన్ని చూసి మానేశాడు. "పోనీ గోనె కప్పు. పచ్చి సిమెంటని చెప్పు."

బర్నబాస్ గోనె తడిపి, యూదా తల మీదుగా కప్పి, కొబ్బరితాడుతో కట్టాడు.

ఎండ ముదిరాక బస్సు వచ్చింది. అందరూ దిగాక ప్రేమకుమారి దిగింది, చంకలో పిల్లతో. చిక్కిపోయింది. బర్నబాస్ కావిడి దించకుండానే గంగమ్మ పక్కన నిలబడిపోయాడు. సరోజమ్మ అతన్ని చూసి, చూడనట్టు కొంగు సర్దుకుంది.

"ఏంటి, వీడొక్కడికి ముసుగేశారు?" అందొక లావుపాటి ఆవిడ.

"పచ్చి సిమెంటండి. ముట్టుకోకూడదండి."

"చాల్లే తాతా, వాణ్ణి చూడ్డానికేగా ఇంతదూరం వచ్చింది!" ఆవిడ తాడు లాగేసింది. గోనె జారిపడింది. నవ్వుల మధ్య ఎవరో బురదముద్ద విసిరారు. ఇంకొకావిడ ప్రేమకుమారికి ఒక ముద్ద అందించబోయింది. "నువ్వూ ఒకటెయ్యవే అమ్మాయ్."

"చంకలో పిల్లుందండి" అందామె, ఎటో చూస్తూ.

లావుపాటి ఆవిడ విగ్రహాన్నీ బర్నబాస్‌నీ మార్చి మార్చి చూసింది. "అచ్చం నీ పోలికే తాతా! కొంపదీసి నీ మొహమేనా ఏంటి?"

సరోజమ్మ ముఖం పాలిపోయింది. పిల్ల వీపు తడుతున్న ప్రేమకుమారి చెయ్యి ఆగింది. ఆమె ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. ఆ మాట బయటికి రానివ్వకుండా బర్నబాసే అందుకున్నాడు.

"నాది కాదండి. అవతలి రేవులో కూలోడిదండి. చచ్చిపోయాడు."

"అయ్యో. పిల్లలున్నారా?"

"ఎవరూ లేరండి."

నవ్వులు తగ్గాయి. ఆడవాళ్ళు యోనా చేప వైపు కదిలారు. సరోజమ్మ నిట్టూర్చి వాళ్ళ వెనకే నడిచింది.

సరుగుడు చెట్ల కింద క్యారియర్లు విప్పి భోజనాలు కానిచ్చారు. ఆ తర్వాత ప్రేమకుమారి మంచినీళ్ళ కుండ దగ్గరికి వచ్చింది.

"కాసిని నీళ్ళు పొయ్యండి."

పిల్లను కిందికి దించి దోసిలి పట్టింది. పిల్ల తూలి, బర్నబాస్ పంచె పట్టుకుని నిలబడింది. అతను చెంబుతో పోశాడు. ఆమె వంచిన తల ఎత్తకుండా తాగింది. చెంబు అయిపోతే మళ్ళీ ముంచాడు. నీళ్ళు ఆమె మోచేతుల మీదుగా కారి పిల్ల నెత్తిన పడ్డాయి. పిల్ల కిలకిల నవ్వింది.

"చాలా అమ్మా?"

"చాల్లేదు. ఇంకా పొయ్యండి."

అంత దాహం ఎవరికీ ఉండదని అతనికి తెలుసు. పోస్తూనే ఉన్నాడు.

"ప్రేమా! ఎంతసేపు?" సరోజమ్మ పిలిచింది.

పంచె పట్టుకున్న పిల్ల వేళ్ళను ఒక్కొక్కటే విడదీసి, ప్రేమకుమారి వెళ్ళిపోయింది. బస్సు కరకట్ట ఎక్కింది. ఆమె ఏ కిటికీ దగ్గర కూర్చుందో దుమ్ములో కనిపించలేదు.

విగ్రహాలు కడగడానికి మళ్ళీ నీళ్ళు తెచ్చాడు. యూదా ముందున్న సిమెంటు విస్తట్లో స్టీలుగిన్నె ఒకటి ఉంది, పైన బాదం ఆకు కప్పి. ఆకు తీశాడు. అన్నం, కోడికూర, పక్కన ఉల్లిపాయ ముక్క.

ఇంటికెళ్ళి కడిగేటప్పుడు క్యారియర్‌లో ఒక గిన్నె తగ్గుతుంది. ఏమని చెబుతుందో, పిచ్చిపిల్ల! పరిగెత్తి ఇచ్చేద్దామని కరకట్ట వైపు చూశాడు. బస్సు లేదు, దుమ్ము కూడా అణిగిపోయింది.

చివరివాడి పక్కన నేల మీద చతికిలబడ్డాడు. గిన్నె అంచు చుట్టూ సన్నటి చుక్కలతో కొట్టించిన పేరు, సరోజ, బాపట్ల, ఎండకు మెరుస్తోంది.