మూడు రోజులుగా రెడీ కాని లారీ

బోయిగూడ షెడ్డులో ఉన్న ఆ లారీ మూడు రోజులుగా పరీక్షలన్నీ రాసి, ఫలితం మాత్రం చెప్పనంటోంది. పొగ లేదు. పొగగొట్టంలో పాడైన సెన్సారు తీసేసి జీవరాజు కొత్తది బిగించాడు. కంప్యూటర్ని రీసెట్ చేస్తే డ్యాష్‌బోర్డు మీది పసుపు దీపం కూడా ఆరిపోయింది. అయినా పొద్దున్నే జెనిఫర్ వచ్చి స్కానరు తగిలిస్తే తెర మీద ఐదు పరీక్షలకూ అవే ఐదు వరసలు: నాట్ రెడీ, నాట్ రెడీ.

జెనిఫర్ రిచర్డ్ కూతురు. రిచర్డ్, జీవరాజు కలిసి ఈ షెడ్డు పెట్టి ముప్పై నాలుగేళ్లయింది. రిచర్డ్ పోయి రెండేళ్లు. ఆయనకు చెవే స్కానరు. లారీ మెట్టుగూడ మూల తిరుగుతుంటే ఇక్కడ కూర్చుని "మూడో ఇంజెక్టరు" అనేవాడు. ఒకసారైతే లారీ ఇంకా వరంగల్‌లో ఉండగానే చెప్పేశాడు. ఈ సంగతి జీవరాజు బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పగలడు. ఇంతవరకు ఎవరూ బైబిలు తేలేదు, అంతే.

లారీ యజమాని విష్ణువర్ధన్‌కు శనివారం సాయంత్రంలోగా అన్నీ రెడీ అని చూపించే కాగితం కావాలి. అది లేకపోతే లోడిచ్చే కంపెనీ గేటు తీయదు. కాగితం రాకపోతే తన నాలుగు లారీలనూ పెద్ద వర్క్‌షాపుకు తోలేస్తానని చెప్పేశాడు. ఆ నాలుగూ పోతే షెడ్డులో మిగిలేవి ఒక విరిగిన ట్రాలీ, దాని మీద పడుకునే పిల్లి. పిల్లికి రిపేర్లు రావు.

శుక్రవారం సాయంత్రం జెనిఫర్ స్కానరు ముందు తల పట్టుకుంది.

"అంకుల్, రీసెట్ అయినంక కంప్యూటర్ అన్నీ మళ్ల మొదట్నుంచి చూసుకుంటది. పొద్దున చల్ల ఇంజన్ స్టార్ట్ చేయాలె. అర్ధగంట ఒకటే స్పీడ్‌ల పోవాలె. గిట్ల వరసగ రెండు పొద్దులు చేస్తెనే అన్నీ రెడీ అంటది."

"మూడు పొద్దులు తిప్పిండు కదమ్మా డ్రైవరు!"

"అదే నా పరేషాన్. సాయంత్రానికి రెండు రెడీ అయితున్నయ్. ఇగో, ఇయ్యాల సుత అయినయ్. పొద్దున చూస్తే సున్నా. ఎవడో వచ్చి తుడిచిపోతున్నట్టుంది."

వైర్లు మార్చారు. ఇంకో స్కానరు తెచ్చి చూశారు. విష్ణువర్ధన్ బంపరుకు నిమ్మకాయలు కట్టించాడు. స్కానరు వాటిని గుర్తించలేదు.

ఆరయింది. రోజూ ఈపాటికి వెళ్లిపోయే జెనిఫర్ ఆ రోజు కదల్లేదు. జీవరాజు మాట్లాడుతూనే పదమూడో నంబరు స్పానరు తీసుకుని, బ్యాటరీ పెట్టె మూత తెరిచి, టెర్మినల్ మీద పెట్టాడు.

"అంకుల్! ఏం చేస్తున్నరు?"

"ఏముంది, షెడ్డు మూస్తున్న."

"రోజు విప్పుతరా?"

"రోజు విప్పుత, పొద్దున నువ్వు రాకముందే పెడత. తొంభై ఆరుల వైర్లు కలిసి ఇక్కడనే ఒక లారీ కాలిపోయింది. ఆ దినం నుంచి మీ నాయన రూల్ పెట్టిండు. ఆరు కాంగనే టెర్మినల్ విప్పి, 'ఇగ పండుకో నాయనా' అనేటోడు."

జెనిఫర్ నవ్వాలో ఏడవాలో తేలక నేల మీదే కూర్చుంది.

"కంప్యూటర్ యాది మొత్తం బ్యాటరీ కరెంట్ మీదనే ఉంటదంకుల్. తుడిచేటోడు ఎవడో కాదు, మీరే!"

"మీ నాయన చెప్పిన రూలమ్మా అది."

"నాన్న రూల్ పెట్టిన కాలంల లారీలు ఏదీ యాదిపెట్టుకోకపోతుండె."

స్పానరు జీవరాజు చేతిలోనే ఉండిపోయింది. రిచర్డ్ సమాధి దగ్గర పువ్వులు పెట్టడం రెండుసార్లు మరిచిపోయాడు గాని, ఇది మాత్రం ఒక్క సాయంత్రం మరవలేదు. ఇది చేస్తున్నంతసేపూ షెడ్డులో ఇద్దరున్నట్టే ఉండేది. ఇది మానేస్తే తను ఒక్కడే.

విప్పలేదు. లారీని బయటికి తీసి, మంటొచ్చినా ఏ గోడకూ తగలకుండా ఖాళీ జాగాలో నిలబెట్టాడు. "పండుకో" అనడానికి నోరు తెరిచి, అది ఇవాళ పడుకోకూడదని గుర్తొచ్చి మూసేశాడు.

శనివారం పొద్దున తెర మీద రెండు వరసలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. జీవరాజు డ్రైవరును ఆపి తనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన జెనిఫర్, ఒళ్లో స్కానరు. మెట్టుగూడ, తార్నాక, ఉప్పల్ దాటాక అరవైలో స్పీడు ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది. వెనకొచ్చిన ప్రతి బండీ హారన్‌తో తిట్టింది.

"మూడు," అంది జెనిఫర్. చాలాసేపటికి, "నాలుగు." ఘట్‌కేసర్ కనిపిస్తుండగా సీట్లోంచి ఎగిరింది. "ఐదు! అయిపోయింది అంకుల్! విష్ణువర్ధన్ సారుకు ఫోన్ చేస్తున్న. బండి ఎనకకు మలపుండ్రి."

జీవరాజు మలపలేదు.

"మీ నాయన నిన్నెప్పుడన్న ట్రయల్‌కు తీస్కపోయిండా?"

"లేదు. ట్రయలంటే చాలా సీరియస్ పని, పిల్లలు రావద్దనేటోడు."

"అవ్, శానా సీరియస్," అన్నాడు జీవరాజు మొహంలో ఏమీ కనపడనీయకుండా. లారీని రోడ్డు పక్క వడల హోటల్ ముందు ఆపి దిగాడు. "దిగు బిడ్డా. ట్రయల్‌కొస్తే మీ నాయన ఇక్కడ పన్నెండు తినేటోడు. నువ్వెన్ని తింటవో చూస్త."