చెంబు చాటు పరుగు

తెల్లవారుజామున కాళీశ్వరి మొట్టమొదట చేసే పని తన వేళ్ళను తాను విప్పుకోవడం. పడుకునేటప్పుడు ముడుచుకున్న పిడికిళ్ళు నిద్ర లేచేసరికి కొయ్యబారి ఉంటాయి. కుడిచేతి వేళ్ళను మోకాలికి ఆనించి ఒక్కొక్కటిగా సాగదీయాలి, తర్వాత ఎడమచేతివి. ఆపైన గోడ పట్టుకుని లేచి, వాకిట్లో నీళ్ళు చల్లి, చెంబు తీసుకుని ఊరి వెనక సర్కారు తుమ్మల్లోకి పోతుంది. తమిళనాడులో ఏళాయిరంపన్నైకి రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊళ్ళో ఆడవాళ్ళంతా చెంబుతో పోయేది అక్కడికే. అయితే కాళీశ్వరికి అక్కడ మరో పని ఉంది. ఆమె అక్కడ పరుగెత్తుతుంది.

రెండో కాన్పు అయ్యాక, తొంభై ఒకటిలో, ఆమె కీళ్ళు వాచాయి. కోవిల్‌పట్టి డాక్టరమ్మ చేతులు నొక్కి చూసి, ఇది కీళ్ళవాతమని, బతికినంతకాలం ఉంటుందని, కీళ్ళను కదలకుండా కూర్చోబెడితే ఇంకా బిగుస్తాయని చెప్పింది. కూర్చోకుండా ఎట్లా? ఊళ్ళోవాళ్ళు ఆపీసని పిలిచే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పొద్దస్తమానం కాళ్ళు మడుచుకుని కూర్చుని చట్రాల్లో పుల్లలు పేర్చాలి. ఒకరోజు ఫ్యాక్టరీ వ్యాను కదిలిపోతుంటే దాని వెనకపడి పొలిమేర దాకా పరుగెత్తింది. ప్రాణం పోయినంత పనయింది. కానీ పదకొండు దాటితే గానీ మాట వినని వేళ్ళు ఆ రోజు తొమ్మిదికే పుల్లలు పట్టుకున్నాయి. మర్నాడు మళ్ళీ పరుగెత్తి చూసింది, ఈసారి వ్యాను కోసం కాదు.

అప్పటి నుంచి పన్నెండేళ్ళు. తుమ్మల అంచు నుంచి ఎండిన వాగు దాకా నల్లరేగడిలో బండిబాట ఉంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని మూడుసార్లు పోయి వచ్చేది. మొదటిసారి పోయేటప్పుడు మోకాళ్ళలో గాజుపెంకులు నలిగేవి. రెండోసారికి ఒళ్ళు వేడెక్కేది. మూడోసారి తనకు కాళ్ళున్నాయన్న సంగతి మరిచిపోయేది. ఒళ్ళంతా వాచి కాలిన రోజుల్లో మాత్రం నడిచేది, అంతే. పక్కింటి చిన్నతాయి గట్టు మీద కూర్చుని కాపలా కాసేది.

"ఏమక్కా, గెలిస్తే నీకు ఇత్తడి గుండిగ బగుమానం ఇస్తారా? కుక్క తరిమినట్టు ఏల ఆ పరుగు?"

"నువ్వు చెంబు చూస్తా ఉండు. ఎవురన్నా వస్తే దగ్గు."

"దగ్గి దగ్గి నాకే టీబీ అంటాండారు ఊళ్ళో!"

ఆడది చేతిలో చెంబు పెట్టుకుని పోతుంటే ఎక్కడికని మగవాడు అడగడు, తల తిప్పుకుంటాడు. రోజు మొత్తంలో ఎవరూ ఏమీ అడగని సమయం ఆ ముప్పావు గంటే. అత్త సెల్లత్తాయి మాత్రం అడిగింది, "ఏమ్మే, పోయినదానివి పోయినట్టే ఉండావు! కడుపు కట్టేసిందా?" అని. కాళీశ్వరి "ఊ" అంది. ఆ ఒక్క 'ఊ'కు పన్నెండేళ్ళు కరక్కాయ పొడి మింగింది. పండక్కొచ్చిన ఆడబిడ్డలు ఆమె కడుపు గురించి జోకులు వేసుకుని నవ్వితే తనూ నవ్వింది. భర్త తంగసామి పదిమందిలో "మా ఆవిడకు లోపలికి పోయేది సులువే, బయటికి వచ్చేదే సిక్కు" అన్నప్పుడు కూడా ఊరుకుంది. నిజం చెబితే పరుగు పోతుంది, అవమానం అయితే ఉన్నచోటే ఉంటుంది.

రెండువేల మూడులో సర్కారు సాయంతో తంగసామి పెరట్లో మరుగుదొడ్డి కట్టించాడు. ఊరికి అదే మొదటిది. పంచాయతీ వాళ్ళు వచ్చి తలుపుకు పూలదండ వేసి, దాని ముందు కాళీశ్వరిని నిలబెట్టి ఫోటో తీశారు. "పాపం, కాళ్ళనొప్పులతో ముండ్లలో పడి గంటలు గంటలు అగసాట్లు పడతాండాది. దానికోసరమే ఈ కక్కూసు" అని తంగసామి అందరికీ చెప్పాడు. అతని కళ్ళల్లో నిజంగానే తడి. పద్నాలుగేళ్ళ కాపురంలో అతను ఆమెకోసం అడక్కుండా చేసిన పని అదొక్కటే. దానికి ఏమని అడ్డం చెబుతుంది? సంగతి తెలిసిన చిన్నతాయి ఒక్కతే, ఫోటో అయ్యాక ఆమె చెయ్యి నొక్కి వదిలేసింది.

మర్నాడు చెంబు పట్టుకోగానే అత్త కేక వేసింది. "యాడికే? ఇంట్లో పెట్టుకుని బయటికి పోతే ఊరు నవ్వదా?"

అంతే, పరుగు ఆగిపోయింది. నెల తిరిగేసరికి వేళ్ళు మధ్యాహ్నం దాకా తెరుచుకోవడం మానేశాయి. అందరూ పది చట్రాలు నింపితే ఆమెవి మూడు. "ఇంట్లో ఉండి సేద తీర్చుకో అక్కా, వేరే మనిషిని చూసుకుంటా" అని ఫోర్‌మన్ సుడలై చాలా మర్యాదగా చెప్పాడు. మూడో నెలలో ఒకరోజు మరుగుదొడ్డిలో కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. మోకాళ్ళు పట్టేశాయి. గోడకు పట్టు లేదు. చాలాసేపు పిలవకుండా ఓర్చుకుంది. ఆపైన పిలిచింది. తంగసామి గడియ ఊడగొట్టి, మొహం అటు తిప్పుకుని, చంకల కింద చేతులు పెట్టి లేపాడు. బియ్యం మూటను లేపినట్టు. బయట అత్త ఎవరితోనో చెబుతోంది, "సూస్తివా, కక్కూసు లేకుంటే ఈ మనిషి గతేంది?"

ఆ వారం కాళీశ్వరి తన లోపల తాను చాలా దూరం తిరిగింది. ఈ ఇంట్లో తన వేళ్ళతో వండించుకున్నారు, ఉతికించుకున్నారు. ఆ వేళ్ళు పొద్దున ఎట్లా తెరుచుకుంటున్నాయో పన్నెండేళ్ళలో ఒక్కరూ అడగలేదు. చివరికి ఆదివారం అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"నేను తుమ్మల్లోకి పోయింది దానికి కాదు. పరిగెత్తను పోయినాను. మళ్ళా పోవాల."

తంగసామి చెయ్యి కంచంలో ఆగింది. అత్త ముందుగా తేరుకుంది.

"పన్నెండేండ్లా? ఎవుడే వాడు?"

"ఎవుడూ లేడత్తా."

"ఎవుడూ లేకుండా ఆడది ఏల పరిగెత్తుతాది?"

తంగసామి ఆమెవైపు చూడలేదు. "నేను కట్టిచ్చినానే..." అని మాత్రం అన్నాడు. సాయంత్రం పెరట్లోంచి తుమ్మల వైపు పోయే దడి తలుపుకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

మర్నాడు తెల్లగా తెల్లవారేదాకా కాళీశ్వరి కదల్లేదు. టీకొట్టు దగ్గర మగవాళ్ళు చేరేదాకా ఆగింది. అప్పుడు వీధి తలుపు తీసి, కుచ్చిళ్ళు పైకి దోపి, పెద్దవీధిలో దిగింది. మూడు నెలల తుప్పు పట్టిన కాళ్ళు. అది పరుగో కుంటడమో ఆమెకే తెలియలేదు. నాలుగడుగులకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చిన్నతాయి గడపలోకి వచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. టీకొట్టులో ఎవరో ఈల వేశారు. పాలసంఘం మలుపు తిరిగేసరికి వెనక మోపెడు చప్పుడు. తంగసామి ఆమెను దాటి వచ్చి, బండిని దారికి అడ్డంగా నిలిపాడు.

"ఎక్కు. ఊరంతా సూస్తాండాది. నా మానం తీయొద్దు, ఎక్కు."

కాళీశ్వరి నిలబడలేదు. నిలబడితే కాళ్ళు మళ్ళీ బిగుస్తాయి. ఉన్నచోటే ఒక కాలు, తర్వాత ఇంకో కాలు ఎత్తి దించుతూ, ఊపిరి అందక అందక అంది.

"బండి తియ్యి మామా. ఇంకా వాగు దాకా పోవాల."