నీళ్ళు వెయ్యని చెరువులు

మా ఇద్దరిదీ ఒకటే కాగితం. పెళ్ళికి ముందు నుంచీ అంతే. ఒడ్డు, కొండ, చెట్టు, పడవ నావి. నీళ్ళు మా ఆయన హరికిరణ్‌వి. ఒకరి వంతులో ఒకరు కుంచె పెట్టకూడదు. ఏ చెరువు బొమ్మకి ఆ చెరువు నీళ్ళే చెంబుతో ముంచుకొచ్చి రంగు కలపాలి. బిర్సానగర్‌లో మా వీధివాళ్ళు దీన్ని పిచ్చంటారు. అననీ, మాకేటి.

పోయినేడు వేసవిలో ఊళ్ళోనే బిష్టుపూర్‌లో మా బొమ్మలు ప్రదర్శనకి పెట్టాం. ఒక పెద్దమనిషి వచ్చి, ఫోన్‌లో ఏవో రెండు ముక్కలు టైపు చేసి, క్షణంలో ఒక నది బొమ్మ తెప్పించి హరి మొహం ముందు పెట్టాడు. చూడండి భాయ్‌సాబ్, నీళ్ళు మీకంటే ఇదే బాగా వేసింది అని హిందీలో అని నవ్వాడు. హరి కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి కుంచె ముట్టుకోలేదు. అరిచాను, బతిమాలాను, అలిగి అన్నం మానేసాను. ఉలకడు, పలకడు. పైగా మొన్న సాక్చిలో ఫ్లెక్సీలు కొట్టే షాపులో కంప్యూటర్ ముందు కూర్చునే పని ఒప్పీసుకున్నాడు. సోమవారం చేరాలి. పని చెడ్డదని కాదు. ఇంట్లో ఉన్న రంగులన్నీ ఎవరికైనా ఇచ్చీమన్నాడు, అదీ నా కడుపుమంట.

అందుకే చేరేలోగా చెరువులూ నదులూ తిరిగొద్దాం పద అని పట్టుబట్టాను. నీళ్ళు చూత్తే చెయ్యి ఊరుకోదని నా ఆశ. స్కూటీ ముందు రంగుల సంచీ, వెనక నేను, ఇద్దరి మొహాలకీ గమ్ఛా తువ్వాళ్ళు. ఎండ మాడ్చీత్తంది. డిమ్నా చెరువు దగ్గర కొండలు వేసి కాగితం అతని ఒళ్ళో పెట్టాను. బావుందని తిరిగిచ్చీసాడు. బురుడి చెరువు దగ్గరా అంతే, చాండిల్ డ్యామ్ దగ్గరా అంతే. కాగితం వంక సరిగా చూత్తే కదా! నాకు గొడుగు పట్టాడు, సత్తు పిండి నీళ్ళలో కలిపిచ్చాడు, కాళ్ళు నొప్పా అని అడిగాడు. మంచోడే, ఎవరు కాదన్నారు? మూడు కాగితాల మీదా చుట్టూ కొండలు, నడుమ తెల్లగా ఖాళీ. పడవలు కింద నీళ్ళు లేక గాల్లో వేలాడతన్నాయి. చాండిల్‌లో వాటిని సంచీలో పెడుతుంటే నాకు భయమేసింది. ఇక జీవితమంతా ఇలాగే వేసుకోవాలా అనిపించింది.

ఇంటికి తిరిగొచ్చే దారిలో దోముహానీ దగ్గర స్కూటీ ఆపించాను. ఖర్కాయీ సువర్ణరేఖా నదులు కలిసే చోటది. తెల్లారితే సోమవారం. ఎగువన ఎక్కడో గాలివాన కొట్టినట్టుంది, నీళ్ళు కాస్త నిండుగా ఉన్నాయి. రాళ్ళ మీద కూర్చుని ఒడ్డు వేసాను. ఈసారి కాగితం అతనికి ఇవ్వలేదు. ఇంకెన్నాళ్ళు అడుక్కోవాలి? నీళ్ళూ నేనే వేసుకుంటాను, ఏం, నాకు చేతుల్లేవా అని ఉక్రోషంతో నీలం బాగా కలిపి ఈ చివర నుంచి ఆ చివరికి పులిమీసాను. మా వంతుల పద్ధతి తప్పడం అదే మొదలు. ఏడుపొచ్చింది. ఏడుత్తూనే పులిమాను.

హరి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఇప్పుడు కూడా బావుందన్నాడంటే చెంబెడు నీళ్ళూ నెత్తిన కుమ్మరించీడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఏటిది? నీళ్ళా, గోడకి సున్నమా?" అన్నాడు.

నేను ఇంకో పూత నీలం పులిమాను.

"కళ్ళు పెట్టి చూడు తనూ. ఖర్కాయి ఎర్రగా వత్తంది. సువర్ణరేఖ ఆకుపచ్చగా ఉంది. కలిసాక కూడా చాలా దూరం దేని రంగు దానిదే. నువ్వు రెంటినీ కలిపి చంపీసావు."

ఏడాది తరవాత నా బొమ్మని తిట్టాడు. మొగుడు తిడుతుంటే ప్రాణం లేచొచ్చిందంటే నన్నే పిచ్చిదాన్నంటారు గానీ, నిజంగా అలాగే ఉంది. అయినా తేలిగ్గా వదుల్తానా? నోటితో ఎవరైనా చెప్తారు, నాకేం కనబడట్లేదు, ఎక్కడుందో వేసి చూపించు అన్నాను.

కుంచె నా చేతిలోంచి లాక్కున్నాడు. నా నీలాన్ని తడి కుంచెతో నాన్చి, గమ్ఛా కొసతో అద్ది ఎత్తీసాడు. ఎర్రమట్టి రంగు కలిపి ఒక గీత లాగాడు, అది పాడైంది. హిందీలో తనని తనే తిట్టుకుని మళ్ళీ లాగాడు. అదీ నచ్చలేదు. మూడోసారికి ఖర్కాయి కాగితం మీదకి వచ్చింది.

సువర్ణరేఖకి ఆకుపచ్చ కలుపుతూ, తలెత్తకుండానే, రేపు షాపుకి వెళ్తాను, మాటిచ్చీసాను అన్నాడు. వెళ్ళు, ఎవరొద్దన్నారు అన్నాను.

"ఆదివారాలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నువ్వు ఒడ్డు చూసుకో. మళ్ళీ నా నీళ్ళ జోలికి వచ్చావంటే ఊరుకోను."

సరేనని, ఇంకో కుంచె తీసుకుని ఒడ్డు మీద గడ్డి వెయ్యడం మొదలెట్టాను.