పాకిస్తాన్ అని చెప్పు బాబాయ్

శ్రీలంక అంతర్యుద్ధాన్ని ఆపడానికి మన సైన్యం వెళ్ళినప్పుడు, జాఫ్నాలో చూపిన ధైర్యానికి సిపాయి అంకమ్మరావుకి మెడల్ ఇచ్చారు. ఇటు సత్తెనపల్లి పక్కనున్న సొంతూరికి ఆ సంగతి ఇన్నేళ్ళకి, పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాక గుర్తొచ్చింది. పోటీకి దిగబోతున్న ప్రేమ్‌చంద్ రిపబ్లిక్ డే నాడు సన్మానం పెట్టాడు.

కళ్ళంలో మిరపకాయలు ఆరబోస్తున్న మనిషిని కారెక్కించుకుని, దారిలో అడిగాడు.

“ఎంతమందిని చంపావు బాబాయ్?”

“చంపినందుకు కాదురా, మోసినందుకిచ్చారు. కాల్పుల్లో మా కెప్టెన్ని భుజానేసుకుని బయటికి తెచ్చా.”

“మోస్తే మెడలేంటి? ఆ లెక్కన మార్టూరు క్వారీల్లో అందరికీ ఇవ్వాలి. పాకిస్తాన్ అని చెప్పు బాబాయ్, ఊపొస్తది.”

వేదిక మీద ప్రేమ్‌చంద్ ఆయన్ని ‘కార్గిల్ సింహం’ అన్నాడు. కార్గిల్ నాటికి ఆ సింహం రిటైరై పత్తికి మందు కొడుతోంది. జనం ఈలలు వేశారు. శాలువా పడింది. అంకమ్మరావు మైకు అందుకున్నాడు.

“నేను కార్గిల్ చూళ్ళేదండీ. వెళ్ళింది జాఫ్నాకి. మొదట్లో అక్కడి తమిళులు మాకు దండలేశారు. మూడు నెల్లు తిరక్కుండానే ఒకళ్ళనొకళ్ళం కాల్చుకున్నాం. ఎందుకో మాకెవరూ సరిగ్గా చెప్పలేదు. ఆ రోజు...”

ప్రేమ్‌చంద్ సైగ చేశాడు. స్పీకర్లలో జనగణమన మొదలైంది. సైనికుణ్ణి ఆపడానికి అంతకన్నా గట్టి ఉపాయం లేదు. అంకమ్మరావు చటుక్కున అటెన్షన్‌లో నిలబడ్డాడు. గీతం అయ్యేసరికి జనమంతా లడ్డూల దగ్గరున్నారు.

ఇంటికొచ్చాక భార్య సుబ్బరావమ్మ అడిగింది.

“ఆ రోజేమైంది? నాకూ ఎప్పుడూ చెప్పలేదుగా.”

“నెప్పిగా ఉందా సార్ అని దారంతా అడుగుతానే ఉన్నా. దించి చూస్తే ఎప్పుడు పోయాడో పోయాడు. చచ్చిపోయిన మనిషిని పలకరిస్తా నడిచినందుకు మెడలిచ్చారు.”

సుబ్బరావమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, పక్కనే కూర్చుంది.

మర్నాడు ప్రేమ్‌చంద్ మళ్ళీ వచ్చాడు.

“ర్యాలీ ఉంది బాబాయ్. మెడల్ పెట్టుకుని జీపులో నిలబడు చాలు, మాట్లాడొద్దు.”

అంకమ్మరావు నోరు తెరిచేలోపే సుబ్బరావమ్మ లోపలికెళ్ళి, మెడల్ తెచ్చి ప్రేమ్‌చంద్ చేతిలో పెట్టింది.

“ఇదొక్కదాన్నే నిలబెట్టుకో నాయనా. దీనికి నోరు లేదు, నీకు బాగా కుదురుద్ది.”