కొవ్వెక్కిన కాలేయం

ఆమె పదకొండో నంబరు బస్సు నడుపుతుంది. స్టాపు రాగానే కుడి పక్కటెముకల కింద నుంచి ఆమె కాలేయం గదమాయిస్తుంది: "దిగండి దిగండి, మీ అత్తారిల్లు కాదిది." జనానికి అలవాటే. సంచులు సర్దుకుని దిగిపోతారు.

ఆ ఏడు ఆమె అన్న కాలేయం పూర్తిగా చెడింది. టైర్లకు పంచర్లు వేసే మనిషి, కళ్లు పచ్చబడి ఆస్పత్రి మంచమెక్కాడు. చెల్లెలి కాలేయంలో ముక్క సరిపోతుందన్నారు. తీరా స్కానింగ్ చూశాక డాక్టరమ్మ పెదవి విరిచింది.

"ముప్పై శాతం కొవ్వు. పదికి దిగితే తప్ప కోయలేం. మీ అన్నయ్య మూడు నెలలకు మించి ఆగలేడు."

"నేనెవరికీ ముక్క ఇవ్వను," అంది కాలేయం.

"నువ్వు నోర్ముయ్," అంది డాక్టరమ్మ, తలెత్తకుండా రాసుకుంటూ. "రోజూ గంట నడక. వేపుళ్లు, తీపి బంద్. వెల్లుల్లి ఘాటులో ఉండే పదార్థాలు కాలేయపు కొవ్వు తగ్గడానికి కాస్త సాయం చేయొచ్చంటున్నారు. అదొక్కటే చాలదు, తోడు మాత్రమే. తింటే మాత్రం దంచి, పది నిమిషాలు ఆగి తినండి. దంచాకే ఆ ఘాటు పుడుతుంది."

చివరి స్టాపులో బస్సు ఆగేది సరిగ్గా పది నిమిషాలే. టిఫిన్ బాక్సు మూత మీద రెబ్బలు పెట్టి పానాతో నలగ్గొట్టేది. బస్సు చుట్టూ గబగబా తిరిగొచ్చి, నోట్లో వేసుకుని, బండి తీసేది.

"అక్కా, మన బస్సెక్కాలంటే జనం ముక్కులు ఇంట్లో పెట్టి రావాలి," అనేవాడు కండక్టరు.

"నా ఒంట్లో ఉండి నాతోనే వాదనా?" అని ఆమె కాలేయాన్ని కసిరేది. "నీకు కొవ్వెక్కింది."

"స్కానింగులో రాశారుగా, కొత్తగా చెప్తావేం?"

"సైకిలు వెనక పట్టుకుని పరిగెత్తుతూ నాకు తొక్కడం నేర్పింది మా అన్న. నువ్వు కాదు."

ఆ తర్వాత వారం వారం కాలేయం గొంతులో గరగర తగ్గింది. పదకొండో వారం ఒకరోజు అలసిపోయి ఆమె స్టీరింగ్ మీద తల వాల్చింది.

"లే," అంది కాలేయం. "అన్నయ్యకి టైమైపోతోంది. దంచు."

ఆమె లేచి దంచింది.

స్కానింగులో ఎనిమిది శాతం. డాక్టరమ్మ వంగి ఆమె పక్కటెముకలనే అడిగింది: "ఏమంటావ్?"

"పెద్ద ముక్కే తీసుకోండి. నేను మళ్లీ పెరుగుతాగా."

ఆరు నెలలకు అన్న బస్సెక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. స్టాపు వచ్చింది.

"దిగండి దిగండి," అంది డ్రైవరు సీటు వైపు నుంచి గొంతు.

"మీ అత్తారిల్లు కాదిది," అంది అన్న పక్కటెముకల కింది గొంతు.

జనం సంచులు సర్దుకుని దిగారు. అన్న కదల్లేదు.

"నీక్కూడా చెప్పేది," అన్నాయి రెండూ.

"మా చెల్లెలి బస్సు," అన్నాడు అన్న, కాళ్లు చాపుకుంటూ. "నేను చివరిదాకా వస్తా."

ఆమె గేరు మార్చింది.