సుంకులమ్మ వద్దన్న మేస్త్రి పని

సుంకులమ్మకు భయమంటే ఏమిటో తెలియదని ఆదోని పత్తి మిల్లులో అందరి నమ్మకం. తేలు కనబడితే చెప్పుతో కొట్టేది. తాగొచ్చిన మొగుణ్ని వీధి అరుగు మీదే పడుకోబెట్టేది. అలాంటి మనిషి, డెబ్బై తొమ్మిదిలో ఒకనాడు శేటు పిలిచి "రేపటి నుంచి ఆడోళ్లకు నువ్వే మేస్త్రివి" అనగానే చెమటలు పట్టి నిలబడిపోయింది.

"నాకొద్దు శేటూ. ఆ తిక్కయ్యకియ్యండి, బాగా సేస్తాడు" అనేసింది.

తిక్కయ్య బాగా చేసేదల్లా కునికిపాట్లు పడటమే. ఆ సంగతి ఆమెకూ తెలుసు. నోరు జారి కాదు, కావాలనే అంది. అంతకుముందు మేస్త్రిగా ఉన్న తిప్పమ్మను ఆడవాళ్లంతా ఎట్లా కాల్చుకు తిన్నారో ఆమె కళ్లారా చూసింది. నిన్నటిదాకా పక్కన కూర్చుని పని చేసింది, ఇవాళ మన మీద పెత్తనమా అని వాళ్ల కడుపుమంట. తిప్పమ్మ వస్తే మాటలు ఆపేసేవాళ్లు, అటు తిరగ్గానే కిసుక్కున నవ్వేవాళ్లు. చూడటమేమిటి నా మొహం, అందరికంటే గట్టిగా నవ్వింది ఈ సుంకులమ్మే! ఏడాది తిరక్కుండా తిప్పమ్మ పని మాని ఎమ్మిగనూరులో కూతురింటికి వెళ్లిపోయింది. తామే తరిమేశామని అందరూ అనుకున్నారు. మేస్త్రినైతే తనకూ అదే గతి పడుతుందని సుంకులమ్మ హడలిపోయింది.

అట్లా తిక్కయ్య మేస్త్రి అయ్యాడు. పత్తి ఇరుక్కుంటే మిషను ఆపనిచ్చేవాడు కాదు. తిరుగుతుండగానే చెయ్యి పెట్టి లాగమనేవాడు. ఒకరోజు పక్క మిషను దగ్గర లాలాబీ అట్లా లాగబోతే కొంగు లోపలికి పోయింది, కొంగుతో పాటు మనిషీ ముందుకు ఒరిగిపోయింది. సుంకులమ్మ ఒక్క గెంతు గెంతి మిషను ఆపింది గనుక ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్ల మీద తోలు మాత్రం లేచిపోయింది.

లాలాబీ ఏడవలేదు. చేతికి గుడ్డ కట్టించుకుంటూ అడిగింది.

"అక్కా, శేటు మొదట నిన్నే అడిగినాడంట. ఈ నిద్రమొగమోన్ని మా నెత్తిన కూసోబెట్టింది నువ్వేనంట. నిజమేనా?"

సుంకులమ్మ తల దించుకుని ఆ గుడ్డ ముడి బిగించింది. ఇంటికి పోతే అన్నం సయించలేదు. ఆదివారం ఎమ్మిగనూరు బస్సెక్కింది.

తిప్పమ్మ గుమ్మంలో కూర్చుని అల్లుడి మగ్గానికి కండెలు చుడుతోంది.

"అత్తా, నిన్ను మేమే తరిమేసినాం. తప్పయిపాయె" అంది సుంకులమ్మ.

తిప్పమ్మ పగలబడి నవ్వింది. "మీరు తరిమినారా! నన్ను తరిమింది నా మోకాళ్లే! దినమంతా నిలబడలేక మానుకుంటి."

"మా మాటలకు నొచ్చుకోలేదా?"

"ఎందుకు నొచ్చుకోలే? నెల దినాలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్సినా. ఆమీద అలవాటైపాయె. అయినా ఆ మిషన్ల సద్దులో సగం ఇనపడవు లేవే. నీ నవ్వు మాత్రం బాగా ఇనపడతాండె" అని మొట్టికాయ వేసి, "తిందువు రా" అంటూ లోపలికి పిలిచింది.

తిరుగు బస్సులో సుంకులమ్మకు సిగ్గూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఇన్నాళ్లూ తాను జడిసింది శేటుకూ కాదు, పనికీ కాదు. పైకొచ్చిన మనిషిని ఎట్లా కిందికి లాగుతారో తనకు బాగా తెలుసు, లాగిన చేతుల్లో తనవీ ఉన్నాయి కాబట్టి. సరే, లాగనీ! లాలాబీ చెయ్యి కంటే తన పరువు ఎక్కువా?

సోమవారం నేరుగా శేటు ముందు నిలబడింది.

"తిక్కయ్య పనికిరాడు శేటూ. ఆ పని నాకియ్యండి."

"మొన్న వద్దంటివే?"

"భయపడి వద్దంటి. ఇప్పుడూ భయమే. అయినా సేస్తా."

పత్తి ఇరుక్కుంటే మిషను ఆపి తీయాల్సిందే, అది మేస్త్రి అయ్యాక ఆమె పెట్టిన మొదటి కట్టడి. కూలేమో మిషను నుంచి దిగిన పత్తి తూకం లెక్కన. ఆపినప్పుడల్లా తూకం తగ్గుతుంది. నెల తిరక్కుండానే గొడవ లేచింది.

"మా కడుపులు కొట్టి శేటు దగ్గర పేరు తెచ్చుకుంటాండావా?" అని దానమ్మ అందరి ముందూ నిలదీసింది. వెనకనుంచి ఎవరో మేస్త్రమ్మ నడకను వెక్కిరించారు. అందరూ నవ్వారు. గాయం మాని పనిలోకి వచ్చిన లాలాబీ కూడా నవ్వింది.

ఆ నవ్వు సుంకులమ్మ గుండెలో కలుక్కుమంది. ఇదిగో, ఇన్నాళ్లూ ఏది రాకూడదని వణికిందో అది వచ్చేసింది. వచ్చినా తాను నిలబడే ఉంది.

"నవ్వుకోండి. ఎంత నవ్వుకుంటారో నవ్వుకోండి" అంది.

ఇంతలో లాలాబీ మిషనులో పత్తి ఇరుక్కుంది. తూకం పోతుందన్న ఆత్రంలో ఆమె చెయ్యి చాచింది. సుంకులమ్మ ఆ చెయ్యి పట్టి పక్కకు తోసి, మిషను ఆపింది.

"నా కూలి నువ్విస్తావా?" అని లాలాబీ కసిరింది.

"తిట్టుకుంటూనే తియ్యి."

లాలాబీ మొహం మాడ్చుకుని చెయ్యి లోపలికి పెట్టింది. ఆ చెయ్యి బయటికి వచ్చేదాకా సుంకులమ్మ మిషనును ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు.